మునగని చెయ్యి

మా చర్చి సంఘంలో ఎవరు పోయినా గొయ్యి తవ్వేది మేమే. మేమంటే నేనూ, మా అక్క భర్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ల పైపుల కోసం రోడ్ల పక్కన గోతులు తవ్వే పని మాది. చేతికి అలవాటైన పనే కాబట్టి ఎవరూ వేరే మనుషుల్ని పిలవరు. కబురు తెలిస్తే మేమే పారలు భుజాన వేసుకుని వెళ్తాం.

ఆ రోజు సంఘపెద్ద ఒకాయన్ని పాతిపెట్టాం. గోతిలో దిగి తవ్వింది నేను, పైనుంచి మట్టి లాగింది బావ. పెట్టె దించాక తలా ఒక పిడికెడు మట్టి వేశారు. అది పెట్టె మూతమీద పడి దబదబమంటుంటే బావ మెల్లగా వెనక్కి జరిగాడు. చొక్కా పైగుండీ విప్పుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. పాస్టర్ గారు ప్రార్థన ముగించి, క్రీస్తుతో పాటు పాతిపెట్టబడినవాళ్లు ఆయనతో పాటే లేస్తారని చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆగాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఈసారి నేను బాప్తిస్మం తీసుకుంటానురా."

"ముందు నెత్తిమీద చెంబెడు నీళ్లు పోసుకో బావా. తర్వాత చూద్దాం" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

నేను ఆ మాట ఎందుకన్నానో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, వాన వెలిసిన ఒక పొద్దున బావ లోతు గోతిలో వెల్లకిలా పడుకుని పైపు అడుగున అతుకు బిగిస్తున్నాడు. పక్కగోడ బాగా నాని ఉంది. చెక్కపలకలు దన్ను పెట్టమని మేస్త్రి అరిచే లోపే అది ఊడి కూలింది. మా పనిలో కొత్తవాడికి మొదట నేర్పేది ఒకటుంది. మట్టి కదిలిందంటే పరుగు తర్వాత, ముందు ఒక చెయ్యి పైకెత్తాలి. మనిషి మునిగిపోయినా చెయ్యి కనిపిస్తే ఎక్కడ తవ్వాలో పైవాళ్లకు తెలుస్తుంది. బావ ఎత్తాడు. కుడిచేతి వేళ్లు మట్టిలోంచి మొలకల్లా కనిపించాయి. పార తగిలితే ముఖం తెగుతుందని పారలన్నీ పక్కన పడేసి చేతులతోనే గోకాం. నోటినిండా, ముక్కునిండా మట్టి. ఊపిరి అందగానే ఆయన పెట్టిన కేకకు మా పై ప్రాణాలు పైనే పోయాయి.

ప్రాణం దక్కింది. కానీ ఆ రోజు నుంచి ముఖం మీద ఏది పడినా తట్టుకోలేడు. ఎంత చలైనా దుప్పటి గడ్డం దాటి పైకి రానివ్వడు. తలమీంచి తొడుక్కునే చొక్కా కొనడు. నెత్తిన నీళ్లు పోసుకోడు. తడిగుడ్డతో ఒళ్లూ తలా తుడుచుకోవడమే స్నానం. గ్యాంగులో ఆయన పేరు 'తడిగుడ్డ'.

"తడిగుడ్డ వస్తున్నాడ్రోయ్, గాలి వచ్చే వైపు కూర్చోండి!" అనేవాళ్లు.

"రండిరా, మిమ్మల్నీ ఓసారి తుడిచి పెడతా" అనేవాడు ఆయన. గోతిలో దిగే పని మాత్రం మళ్లీ ఎవరూ చెప్పలేదు.

మా సంఘంలో బాప్తిస్మం అంటే మనిషిని నిలువునా నీళ్లలో ముంచడమే. బావ ఏ ఆదివారమూ మానడు. అందరికంటే ముందు వచ్చి కుర్చీలు వేస్తాడు, గొంతెత్తి పాడతాడు. నమ్మకం లేక ఆగిన మనిషి కాదు. క్రీస్తు గుర్తుగా రొట్టె పంచుకునే ప్రభువు బల్ల రోజున మాత్రం రొట్టె పళ్లెం పక్కవాడికి అందించేసి తల వంచుకుంటాడు. బాప్తిస్మం కానివాళ్లు అది తీసుకోరు మా దగ్గర. ఆ తల వంపు చూడలేక మా అక్క ఇంటికొచ్చి గిన్నెలమీద కోపం చూపిస్తుంది.

నేనా? పద్దెనిమిదేళ్లకే తీసుకున్నాను. తోటివాళ్లు దిగుతున్నారని దిగాను. చెవిలో నీళ్లు పోయాయని బాధపడ్డానే తప్ప ఏం జరిగిందో పెద్దగా ఆలోచించలేదు. బావను చూశాకే ఆలోచించాను.

మర్నాడు పని దిగాక, ఒళ్లంతా మట్టితోనే పాస్టర్ గారి ఇంటికి వెళ్లాం. ఆయన వయసులో మా ఇద్దరికంటే చిన్న. బావను అన్నా అని పిలుస్తారు.

"అన్నా, బాప్తిస్మం నీళ్లలో ఏముందంటారు?" అని అడిగారు.

"క్లోరిన్ ఉంటుంది అయ్యగారూ. పైపులేసేది మేమేగా."

పాస్టర్ గారు పడీపడీ నవ్వారు. "సరే, మరి ఆ నీళ్లు పాపాన్ని కడుగుతాయా?"

"ఈ చొక్కామీద మట్టినే సరిగ్గా కడగవు. పాపాన్నేం కడుగుతాయి?"

"అయితే ఎందుకు దిగుతానంటున్నారు?"

బావ చేతులమీది మట్టి గీక్కున్నాడు. "లోపల నమ్మింది నలుగురిలో ఒప్పుకోవడానికి. నాలోని పాత మనిషిని నేను పాతిపెట్టేశానని చెప్పడానికి."

"మీరు పాతిపెట్టడం కాదన్నా. చచ్చినవాడు తనను తాను పాతిపెట్టుకోలేడు, లేపుకోనూలేడు. అందుకే ఎవరూ తమకు తాము బాప్తిస్మం ఇచ్చుకోరు. ఇంకొకరి చేతుల్లో ఒళ్లు వదిలేయాలి. మనల్ని లేపేది మన బలం కాదు, క్రీస్తు అని ఒప్పుకోవడం అది." తర్వాత గొంతు తగ్గించారు. "మీకు జరిగింది నాకు తెలుసు. కొన్ని సంఘాల్లో తలమీద నీళ్లు పోస్తారు, వాళ్లూ ప్రభువు బిడ్డలే. మంచం పట్టినవాళ్లకు నేనూ పోశాను. మీకూ పోస్తాను. ఎవరూ తప్పు పట్టరు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకో బావా అన్నట్టు మోచేత్తో పొడిచాను.

"నేను మంచం పట్టలేదు కదా అయ్యగారూ" అన్నాడు బావ. "నడుచుకుంటూ వచ్చాను. తప్పించుకోవడానికి నాకో మంచి కారణం దొరికింది, ఇన్నేళ్లూ దాన్నే వాడుకున్నాను. ఎవరూ కాదనలేని కారణం. ఇంక చాలు. ముంచండి."

ఆ సాయంత్రం నుంచే ఇంట్లో మొదలుపెట్టాడు. బట్టలుతికే పెద్ద బేసిన్ నిండా నీళ్లు పోసుకుని దాని ముందు మోకాళ్లమీద కూర్చునేవాడు. అక్క గుమ్మానికి ఆనుకుని చూసేది.

"చెంబు చూస్తే బెదిరే మనిషి బాప్తిస్మం తొట్టిలో దిగుతాడట. చూడరా తమ్ముడూ, మీ బావ బేసిన్‌తో కుస్తీ పడుతున్నాడు."

"నువ్వు నోరు మూసుకుంటే నేను ముక్కు మూసుకుంటా" అనేవాడు బావ.

మొదట గడ్డం తడిసేది. ఆ పైన పెదవులు. ముక్కు దాకా వచ్చేసరికి తల వెనక్కి విసిరేసి గోడకు చేరగిలబడి రొప్పేవాడు. అక్క నోరు ఆడుతూనే ఉండేది గానీ, చేతులు మాత్రం గబగబా ఆయన వీపు నిమిరేవి. వదల్లేదు ఆయన. రోజంతా మట్టి మోసి ఒళ్లు హూనమై వచ్చి, మళ్లీ ఆ బేసిన్ ముందే కూర్చునేవాడు. ఒకరోజు ముఖమంతా ముంచి లేచాడు. లేచి, ఎవరో కొట్టినట్టు ఏడ్చాడు. అక్క ఆ రోజు పోరు మానేసి బేసిన్ నీళ్లు తనే పారబోసింది.

బాప్తిస్మాలు ఆదివారం. మా సంఘం కూడుకునేది పాత గోదాము. వేదిక చెక్కలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. శనివారం మధ్యాహ్నం నేనే పైపు పెట్టి నింపాను. పాస్టర్ గారు, "ఒకసారి మాటలేవీ పలకకుండా ఊరికే ముంచి చూద్దాం అన్నా, రేపు కంగారు పడకుండా ఉంటారు" అన్నారు. ఇద్దరూ దిగారు. నేను గట్టున నిలబడ్డాను. పాస్టర్ గారు ఒక చెయ్యి బావ వీపు కింద వేసి, వెల్లకిలా వంచి ముంచారు.

బావ మునిగాడు. తల, భుజాలు, పొట్ట, మోకాళ్లు, అన్నీ మునిగాయి. కుడిచెయ్యి మాత్రం నిటారుగా నీళ్ల పైకి లేచి, వేళ్లు చాపుకుని నిలబడింది.

పైకి తేల్చాక కళ్లు తుడుచుకుని, "అయిందా?" అన్నాడు సంబరంగా. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను.

"చెయ్యి బావా! బస్సు ఆపుతున్నట్టు పైకెత్తావు!"

ఆయన చెయ్యి ఇంకా అలాగే గాలిలో ఉంది. అప్పుడు చూసుకున్నాడు దాన్ని. ముఖంలో సంబరం పోయింది. నా నవ్వూ ఆగిపోయింది.

"ఫర్వాలేదన్నా" అన్నారు పాస్టర్ గారు. "దేవుడు కొలబద్ద పట్టుకుని కూర్చోలేదు. చెయ్యి మునగలేదని వెనక్కి పంపడు."

"ఆయన పంపడు అయ్యగారూ. నా సంగతి నేను చెప్తున్నా. ఈ చెయ్యి పైనున్నవాళ్లకు సైగ. నేనిక్కడున్నా, వెతకండి అని. మీరు నన్ను పట్టుకునే ఉన్నారు. పట్టుకున్నవాళ్లకు సైగ ఎందుకు? ఒళ్లంతా ఇచ్చేసి ఒక చెయ్యి నా దగ్గర దాచుకున్నట్టేగా?"

పాస్టర్ గారు బావ భుజంమీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు.

"పోనీ తువ్వాలుతో నడుముకు కట్టేద్దామా?" అన్నాను నేను.

"చేతులు కట్టేసి ముంచితే దాన్ని బాప్తిస్మం అనరురా, హత్య అంటారు" అన్నాడు బావ. "దానంతట అదే కింద ఉండాలి."

ఆదివారం గోదాము నిండిపోయింది. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరూ దిగడం, మునగడం, జనం పాట అందుకోవడం. బావ వంతు వచ్చింది. నడుములోతు నీళ్లలో నిలబడి ఎడమచేత్తో తొట్టి అంచు పట్టుకున్నాడు.

"యేసుక్రీస్తు మీ కోసం చనిపోయి తిరిగి లేచాడని నమ్ముతున్నారా?"

"నమ్ముతున్నాను."

"ఆయన్నే మీ ప్రభువుగా ఒప్పుకుని, ఆయన వెంట నడుస్తారా?"

"నడుస్తాను."

మాట గట్టిగానే వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం అంచు వదల్లేదు. పాట ఆగింది. పాస్టర్ గారు తొందరపెట్టలేదు, పక్కనే నిలబడ్డారు. ముందు వరసలో తువ్వాలు పట్టుకుని కూర్చున్న అక్క ఉండబట్టలేక లేచింది.

"ఏమయ్యా, పోనీలే, వచ్చెయ్. ఎవరేమనుకుంటే మనకేంటి?"

బాప్తిస్మం తీసుకోమని ఇన్నేళ్లు పోరుపెట్టిన మనిషే ఆ మాటంది!

"నువ్వు కూర్చోవే" అన్నాడు బావ, ఆమెవైపు చూడకుండానే.

అంచు వదిలాడు. రెండు చేతులూ గుండెమీద పెట్టుకుని, "కానివ్వండి అయ్యగారూ" అన్నాడు. పాస్టర్ గారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం పలికి వెనక్కి వంచారు.

నేను తొట్టి గట్టునే ఉన్నాను. లోపలంతా కనిపిస్తూనే ఉంది. ముఖం మునగగానే కుడిచెయ్యి గుండెమీంచి లేచింది. మోచెయ్యి విడింది, వేళ్లు విచ్చుకున్నాయి. లేస్తూ లేస్తూ నీటి అంచుదాకా వచ్చింది. అక్కడ ఆగింది. తర్వాత, బరువైనదాన్ని దించుతున్నట్టు మెల్లగా వెనక్కి దిగి, గుండెమీద ఉన్న ఎడమచేతిని పట్టుకుంది.

పాస్టర్ గారు లేపారు. బావ నోరంతా తెరిచి ఊపిరి లాగాడు, దగ్గాడు, ముక్కులోంచి నీళ్లు కారాయి. జనం పాట అందుకున్నారు. ఆ గోలలోనే పాస్టర్ గారి చొక్కా పట్టుకుని అడిగాడు.

"మునిగిందా?"

"మునిగిందన్నా."

"మొత్తం?"

"మొత్తం."

మెట్లెక్కి పైకొచ్చాక అక్క తువ్వాలు తలమీద కప్పబోయింది. చప్పున దాన్ని గడ్డం కిందికి లాగేశాడు. "ముఖం మీద వద్దే" అన్నాడు. అక్క ఏడుస్తూనే, "నేలంతా తడిపేశావు, పక్కకి నిలబడు" అని కసిరింది.

సోమవారం పనిలోకి వెళ్లేసరికి కబురు మాకంటే ముందే చేరింది. గ్యాంగంతా బావ చుట్టూ మూగారు. కొందరు చేతులు కలిపారు, కొందరు ఎగతాళి చేశారు. మేస్త్రి అయితే నేరుగా గోతిలోకి వేలు చూపించాడు.

"ఇంక భయం పోయినట్టేగా? అయితే దిగు, అతుకు బిగించు."

"పోలేదు మేస్త్రీ" అన్నాడు బావ. "నిన్ననేగా నీళ్లలోంచి లేచింది. అప్పుడే నాచేత అబద్ధమాడించకు."

అందరూ నవ్వారు. నేను మాత్రం భోజనాల దగ్గర పక్కన చేరి అడిగాను. "పోకపోతే మరి ఏం మారింది బావా?"

ఆయన చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "ఇన్నేళ్లూ ఆ భయం వద్దంటే నేను ఆగిపోయేవాణ్ణి. నిన్న కూడా వద్దు వద్దని అరుస్తూనే ఉంది. ప్రభువు మాట విన్నాను, దాని మాట వినలేదు. రేపు మళ్లీ అరిస్తే మళ్లీ వినకూడదు. అంతేరా."

భోజనాలయ్యాక గోతిలో దిగాల్సింది నేను. నడుము పట్టేసి ఉంది, త్వరగా ముగించుకుని పోదామని కాలు లోపల పెట్టబోయాను. బావ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. గోతి గోడ నానిందేమోనని అరచేత్తో తట్టి చూసి, ఆ మూల ఇంకో రెండు పలకలు దన్ను పెట్టమని కేకేశాడు. మేస్త్రి ఆలస్యమవుతోందని విసుక్కున్నాడు. బావ కదల్లేదు. పలకలు వచ్చి, అవి గట్టిగా బిగిసేదాకా నన్ను దిగనివ్వలేదు.