కుదిరిన చెయ్యి

నేను ఇరవై ఆరేళ్ళు కుష్టు మచ్చలు వెతికే ఉద్యోగం చేశాను. పేరు చలపతిరావు. ఇంటింటికీ తిరిగి, మగవాళ్ళ చేత చొక్కాలు విప్పించి, వెలుతుర్లో నిలబెట్టి, వీపూ చేతులూ చూసి రాసుకోవడం నా పని. తలుపు మొహాన వేసిన ఇళ్ళున్నాయి, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిన ఇళ్ళూ ఉన్నాయి. ఎంతమందికి మచ్చ కనిపెట్టానో ఇప్పుడు గుర్తు లేదు. కనిపెట్టకుండా వదిలేసిన ఒక్క మనిషిని మాత్రం మర్చిపోలేకపోతున్నాను. అతని పేరు హఫీజ్. ఏలూరులో తివాచీలు నేసేవాడు.

తంగెళ్ళమూడిలో జుబేర్ గారనే ఆయన షెడ్డులో పని. మగ్గం నిలువుగా ఉంటుంది. నేతగాళ్ళు దాని ముందు బల్ల మీద వరసగా కూర్చుని, పడుగు దారాలకి రంగు ఉన్నితో ఒక్కొక్క ముడే వేసి, చిన్న కత్తితో పుటుక్కున తెంపుతారు. కళ్ళు ఎదురుగా తగిలించిన నమూనా కాయితం మీద ఉంటాయి. ముడి బిగిసిందా జారిందా అన్నది వేలి కొసకే తెలియాలి. హఫీజ్ వేళ్ళకి తెలిసినంత బాగా ఆ షెడ్డులో ఎవరికీ తెలియదని జుబేర్ గారే నాతో అన్నారు.

ఉన్నితో పనంటే దురద. నూగు ముంజేతులకి అంటుకుని చెమటలో నానుతుంది. ఎండాకాలం వచ్చిందంటే వీపుల నిండా చెమటకాయలు, తొడల్లో తామర, రంగులు కలిపే వాళ్ళకి వేళ్ళ సందుల్లో చర్మం పగిలి రసి కారడం. కొత్తగా చేరినవాళ్ళు ఏడాది రెండేళ్ళు గోక్కుంటూనే ఉంటారు. తర్వాత కొందరికి ఒళ్ళు అలవాటు పడుతుంది. ఉన్ని తగిలినా దురద పుట్టదు. అప్పుడు షెడ్డులో పెద్దవాళ్ళు ఆ మనిషి ముంజేతిని రుద్ది చూసి, "చెయ్యి కుదిరింది" అంటారు. ఆ రోజు అతను అందరికీ టీ తాగించాలి. అది వాళ్ళ ఆనవాయితీ.

2003లో నేను సర్వేకి వెళ్ళింది ఒక శుక్రవారం. నమాజుకి టైమవుతోంది, అందరూ తొందరలో ఉన్నారు. దగ్గరుండి సాయం చేసింది హఫీజే. అప్పటికతనికి నలభై లోపు. ఒక్కొక్కరినే లాక్కొచ్చి, "సార్, ఈయన తొడ చూడండి, రాత్రంతా గోక్కుంటాడంట. సార్, ఈయన వేళ్ళు చూడండి" అంటూ చూపించాడు. తామర, గజ్జి, రంగులు పడక వచ్చిన పుండ్లు అన్నీ చూశాను. పూత మందులు రాసిచ్చాను.

"మీకేం లేవా హఫీజ్ గారూ?" అని అడిగాను.

"నాకేంటి సార్! కుడి చేతికి ఇంకా కాస్త దురద ఉంది గానీ, ఎడం చెయ్యి ఈ మధ్య బాగా కుదిరిపోయింది. ఉన్ని తగిలినట్టే ఉండదు," అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అతని పేరుకి ఎదురుగా 'మచ్చలు లేవు' అని రాసుకుని సైకిలెక్కాను.

నొప్పీ దురదా లేని మచ్చనే అనుమానించమని ఊరూరా గోడల మీద రాయించినవాణ్ణి నేను! ఆ మనిషి నోరు తెరిచి తన చేతికి స్పర్శ పోయిందని చెబితే నవ్వి వచ్చాను. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడవమని అడిగి ఉంటే చాలు. అక్కడ పాలిపోయిన మచ్చ ఉంది. దాని మీద వెంట్రుకలు రాలిపోయాయి, చెమట పట్టడం మానేసింది. అరనిమిషం పని. ఆ అరనిమిషం నాకు లేకపోయింది.

మూడేళ్ళు గడిచాయి. దేశంలో ఇక కుష్టు పెద్ద సమస్య కాదని ప్రకటించారు. మా సర్వేలు ఆపి, నన్ను ఆసుపత్రిలో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 2006 ఎండాకాలంలో ఒక పొద్దున, ఆ బల్ల ముందుకి హఫీజ్ భార్య ఫర్జానా వచ్చి నిలబడింది. వెనకాల హఫీజ్, ఎడం చేతికి గుడ్డ కట్టుకుని.

"పొయ్యి మీద అన్నం గిన్నె ఉత్త ఎడం చేత్తో దించేశారండీ," అంది ఆమె గొంతు తగ్గించి. "గుడ్డ పట్టుకోలేదండీ. కిందపెట్టి, మామూలుగానే నాతో మాట్లాడుతున్నారు. నేను చూసేసరికి అరచెయ్యంతా బొబ్బలు. నాకు చాలా భయమేసిందండీ."

గుడ్డ విప్పాను. చిటికెన వేలూ ఉంగరం వేలూ లోపలికి వంగి ఉన్నాయి. మోచేతి వెనక నరం తడిమితే తాడంత లావుగా తగిలింది. డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకోమన్నాను. బాల్ పెన్ను కొసతో ముట్టుకున్న చోట వేలు పెట్టి చూపించమన్నాను.

చిటికెన వేలు ముట్టుకున్నాను. అరచెయ్యి. మణికట్టు. మచ్చ మధ్యలో రెండుసార్లు. హఫీజ్ కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఎంతసేపటికీ వేలు కదపలేదు. చివరికి అతనే అన్నాడు.

"కానివ్వండి సార్. మొదలుపెట్టండి."

ఫర్జానా కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. నేను పెన్ను జేబులో పెట్టుకున్నాను.

ఏడాది పాటు మాత్రలు మింగాలన్నారు. ఏలూరులోనే ఉచితంగా ఇస్తారు, కానీ తెలిసినవాళ్ళు చూస్తారని అతను నెలనెలా ప్యాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి తెచ్చుకునేవాడు. మొదటి మోతాదు పడ్డాక ఇక ఎవరికీ అంటదని నేనెంత చెప్పినా ఫర్జానా తన అక్కచెల్లెళ్ళకి కూడా చెప్పలేదు. ఉన్ని పడలేదని చెప్పింది. మాత్రలకి అతని ఒళ్ళు నల్లబడింది. రోజూ సాయంత్రం ఆమె అతని చేతులు నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, తెగిన చోట్లు వెతికేది. తెగిందని చెప్పడానికి ఆ చేతికి నోరు పోయింది మరి. చర్మమంటే ఒంటికి కప్పుకున్న గుడ్డ అనుకుంటాం. ఎండకి చెమట పట్టించేదీ, దుమ్మూ క్రిమీ లోపలికి పోకుండా ఆపేదీ, కాలుతోంది చెయ్యి తియ్యి అని అరిచేదీ అదే. ఆ అరుపు ఆగిపోతే మనిషి తన చెయ్యిని తనే తినేస్తాడు, తెలియకుండా.

క్రిములు చచ్చాయి. జబ్బు నయమైందని కార్డు మీద రాసిచ్చారు. నరం వాపుకి వేరే మాత్రలు కూడా వాడారు గానీ, స్పర్శ రాలేదు. స్పర్శ పోయిన ఆర్నెల్ల లోపల కనిపెడితే తిరిగి రావచ్చు. దీనికి మూడేళ్ళు దాటింది. ఆ మూడేళ్ళూ నావి.

హఫీజ్ కార్డు పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్ళాడు. జుబేర్ గారు మంచివారు, కూర్చోమన్నారు. పదిరోజులు నేశాడు. వేలు తెగి తివాచీ తెల్ల అంచంతా నెత్తురు మరకలైతే, పక్కవాళ్ళు చెప్పేదాకా అతనికి తెలియలేదు. నేసినదాని పైభాగం సమంగా కత్తిరించేటప్పుడు ముళ్ళు పోగులు పోగులుగా ఊడొచ్చాయి. జుబేర్ గారు హఫీజ్ నేసినంతా తనే కూర్చుని విప్పారు. హఫీజ్ అది చూస్తూ నిలబడి, చెప్పులేసుకుని వచ్చేశాడు. మళ్ళీ ఆ వీధిలోకే వెళ్ళలేదు.

తర్వాత కైకలూరులో పనికి కుదిరాడని విన్నాను. 2009లో, రిటైరయ్యాక, చూసి రావాలనిపించి బస్సెక్కాను. దారి పొడుగునా చెరువు గట్లు, లారీలు, చేపల నీచు వాసన. చేపలు ప్యాక్ చేసే షెడ్డులో హఫీజ్ ఐసు గుట్ట ముందు కూర్చుని, ఎడం చేత్తో చిదిమిన ఐసు తోడి చేపల మీద పోస్తున్నాడు. మిగతావాళ్ళు కాసేపు తోడి, చేతులు చంకల్లో పెట్టుకుని మూలుగుతున్నారు. హఫీజ్ ఆగడం లేదు.

మేస్త్రీ బంగార్రాజు నాకు గొప్పగా చెప్పాడు. "ఈయన చేతికి చలే తెలీదండీ. ముగ్గురి పని ఒక్కడే చేసేస్తాడు. ఇలాంటివాళ్ళు దొరకడం మా అదృష్టమండీ."

హఫీజ్‌ని బయటికి తీసుకొచ్చాను. ఎడం చేతి చిటికెన వేలు సగమే ఉంది. మిగతా వేళ్ళ కొసలు నల్లబడి, తెల్లగా పగిలి ఉన్నాయి. "ఈ పని మానెయ్యండి. రెండేళ్ళలో వేళ్ళన్నీ పోతాయి," అన్నాను. గొంతు పెంచాను కూడా. అతని మీద కాదు నా కోపం.

"ఇక్కడ కూడా చెయ్యి కుదిరింది సార్," అన్నాడు. జన్మలో అతను వెటకారంగా మాట్లాడటం అదొక్కసారే విన్నాను. తర్వాత మామూలుగా అడిగాడు. "ఈ చెయ్యి ఇంకెక్కడ పనికొస్తుంది? మీరే చెప్పండి."

ఆ శుక్రవారం సంగతి చెప్పి క్షమించమని అడుగుదామని వచ్చినవాణ్ణి, అడగలేదు. లోపల్నించి బంగార్రాజు పిలిచాడు. హఫీజ్ వెళ్ళొస్తానన్నట్టు నా చేతిలో ఎడం చెయ్యి పెట్టాడు. పెట్టి, తల వంచి ఆ రెండు చేతుల వైపూ చూశాడు, తను నా చెయ్యి పట్టుకున్నాడో లేదో తెలుసుకోవడానికి.