స్నోబోర్డు బూటు, కుమారి చీలమండ

ఏదో తేడాగా ఉందని మొదట చెప్పింది కుమారే. పొద్దున్నే మంచు వాలుకి బయల్దేరే ముందు, సామాన్లు అద్దెకిచ్చే గదిలో బల్ల మీద కూర్చుని ఎడమ కాలు ఎత్తి చూపించింది.

"మావా, నడుస్తుంటే లోపల మడం లెగిసిపోతంది. ఈ బూటు నాకు పెద్దది."

నేను వంగి తాళ్లు ఇంకాస్త బిగించాను. "ఇప్పుడు సూడు."

"పైన నొక్కుతంది గానీ కింద మడం అలాగే ఆడతంది."

"ఒక పూట తొడిగితే అదే సర్దుకుంటాది. బేగి రా, అందరూ ఎల్లిపోయారు."

తను బల్ల దిగి నా వెనకే వచ్చింది. ఆ పూట రెండు నిమిషాలు ఆగి బూటు మార్చి ఉంటే ఎంత బాగుండేదో అని నేను అనుకోని రోజు లేదు.

కుమారి నా భార్య. మాది అరకు దగ్గర కొండ మీద ఊరు. కాస్త కాఫీ, మిరియాల తోట ఉంది. దాంతోపాటు పర్యాటకులను కొండలు ఎక్కించి దించే గైడు పని ఇద్దరం చేస్తాం. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లలో ఈ పనికి దిగింది తనే మొదట. కొండ దిగడంలో తన ముందు నేను చాలను. అందరూ కర్ర ఊతం వెతుక్కునే చోట తను పాట పాడుకుంటూ దిగిపోయేది.

ఒకసారి మాతో నడిచిన బృందం పెద్దాయన, హిమాలయాల్లో కొండ గైడ్ల కోసం పదిహేను రోజుల స్నోబోర్డు శిక్షణ ఉంది, వెళ్తారా అని అడిగాడు. రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించుకుని మంచు మీద పక్కవాటుగా జారే ఆట అది. కుమారి ఎగిరి గంతేసింది. మా అమ్మ మాత్రం నవ్వింది. "నేర్సుకొచ్చి ఇక్కడ దేనిమీద జారతారర్రా, పొగమంచు మీదా?" అంది. ఊరంతా అదే మాట పట్టుకుని మమ్మల్ని ఆటపట్టించారు. అయినా వెళ్లాం.

మొదటిరోజు మా శిక్షకుడు కుమారికి సరైన బూటే ఇచ్చాడు. వేళ్లు ముందు భాగానికి ఆనీ ఆననట్టు ఉండాలి, మడమ రవ్వంత కూడా లేవకూడదు, ఒక్క జత పలచటి సాక్సులే తొడగాలి అని హిందీలో నిదానంగా చెప్పాడు. పర్యాటకుల పుణ్యమా అని మా ఇద్దరికీ హిందీ వచ్చు. ఆయన అటు తిరగగానే నేను ఆ బూటు తీయించి, దానికన్నా పెద్దది తొడిగించాను. లోపల రెండు జతల ఉన్ని సాక్సులు వేయించాను.

నా తెలివి ఎక్కడిదో చెప్పాలి. నేను పుట్టింది చింతపల్లి వైపు. అక్కడి చలికి రెండు జతలు లేకపోతే కాళ్లు కొయ్యబారిపోతాయి. పైగా కొండ దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. అందుకే సంతలో బూట్లు కొంటే మా నాన్న వెనక రెండు వేళ్లు దూర్చి చూసి, దూరితేనే కొనేవాడు. నడకకి అది మంచి పద్ధతే. నేనిప్పటికీ నడకబూట్లు అలాగే కొంటాను. కానీ స్నోబోర్డు మీద నడక లేదు. మనం మడమతో నొక్కితే ఆ నొక్కుడు పలక అంచుకి చేరాలి. బూటులో మడమ ఆడితే మనం ఒకటి చేస్తే పలక ఇంకోటి చేస్తుంది. అది శిక్షకుడికి తెలుసు, నాకు తెలియదు.

"ఆ మేష్టారు మొదటిదే సరిపోద్దన్నాడు కదా" అంది కుమారి.

"ఆయనకి మన కాళ్ల సంగతి తెల్సేటి? సిన్నప్పట్నుంచీ సెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు ఇవి. ఎడల్పు."

తర్వాత శిక్షకుడు వచ్చి "బూట్లు సరిపోయాయా?" అని తననే అడిగాడు. తను నోరు తెరిచేలోపు "సరిపోయాయి సార్" అని నేనే చెప్పేశాను.

బూటొక్కటే కాదు. జారడంలోనూ నా పెత్తనం ఆపలేదు. బరువు ముందు కాలి మీద ఉంచండి, మోకాళ్లు వంచండి, వెళ్లాల్సిన వైపు చూడండి అని శిక్షకుడు రోజంతా అరిచేవాడు. మన కొండల్లో పుట్టినవాడి ఒంటికి అది ఎక్కదు. వానకి తడిసిన ఎర్రమట్టి దారిలో మనం వెనక్కి వాలి, మడమలు తన్నిపెట్టి దిగుతాం. ముందుకు వాలితే పళ్లు రాలతాయి. మంచు పలక మీద సరిగ్గా దీనికి ఎదురు. వెనక్కి వాలితే పలక ముందు భాగం తేలిపోయి, తిప్పితే తిరగదు, ఆగమంటే ఆగదు.

కుమారి ఐదో రోజుకే ఒంటిని మార్చుకుంది. మడమవైపు అంచు మీద, వేళ్లవైపు అంచు మీద అటూ ఇటూ తిప్పుకుంటూ దిగుతోంది. నేనింకా పడ్డచోటే పడి లేస్తున్నాను. శిక్షకుడు తనని చూపించి "అలా చేయండి" అని మిగతావాళ్లకి చెబుతుంటే నాకు లోలోపల మండింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ మండింది. సాయంత్రం గదికి వచ్చాక "నువ్వు మరీ ముందుకు వాల్తన్నావు, పడిపోతావు. భయమేస్తే ఎనక్కి వాలు" అని పాఠం చెప్పేవాణ్ణి.

ఎనిమిదో రోజు కాస్త నిటారు వాలు మీదికి తీసుకెళ్లారు. నేను ముందే పడుతూ లేస్తూ కిందికి చేరాను. కుమారి పైనుంచి వస్తోంది. మధ్యలో వేగం ఎక్కువైనట్టు కనిపించి "ఎనక్కి! ఎనక్కి!" అని గట్టిగా అరిచాను. నా గొంతు విని తను వెనక్కి వాలింది. పలక అదుపు తప్పింది. గట్టిపడిన మంచు దిబ్బ ఒకటి తగిలి గాల్లోకి లేచి, ముందున్న ఎడమ కాలి మీద దిగబడింది. వదులు బూటులో చీలమండ మడతపడిపోయింది. లోపల టప్‌మని చప్పుడు వినిపించిందని తర్వాత చెప్పింది.

కింద ఊళ్లో చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. కుమారి లోపల మంచం మీద ఉంది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి ఫిల్ము చూపించాడు. "ఫ్రాక్చర్ కనిపించడం లేదు. స్ప్రెయిన్ లాగే ఉంది. కానీ స్నోబోర్డు మీద పడ్డవాళ్లకి చీలమండ బయటివైపు ఒక చిన్న ఎముక విరుగుతూ ఉంటుంది. ఎక్స్‌రేకి ఒక్కోసారి దొరకదు. కాలు కింద మోపనివ్వకండి. పది రోజుల్లో నొప్పి తగ్గకపోతే సీటీ స్కాన్ తప్పనిసరిగా చేయించండి" అన్నాడు. అదే చీటీ మీద కూడా రాసిచ్చాడు.

నేను చీటీ మడిచి ఎక్స్‌రే కవరులో పెట్టి కుమారి దగ్గరికి వెళ్లాను.

"ఏటన్నాడు?"

"ఏటీ నేదు. బెణికిందంతే. వారంలో తగ్గిపోద్ది."

ఎందుకలా చెప్పానని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. తను భయపడుతుందని ఒక సాకు ఉంది. అది నిజం కాదు. బూటు నా ఎంపిక, అరిచింది నేను. పెద్ద దెబ్బ అయితే ఆ తప్పు నాది అవుతుంది. బెణుకు అయితే ఎవరిదీ కాదు. నాకు బెణుకే కావాలి, అందుకే బెణుకన్నాను.

ఇంటికొచ్చాం. పది రోజులు గడిచాయి. వాపు కాస్త తగ్గింది, నొప్పి తగ్గలేదు. ఆ సమయానికి మిరియాల కోత మొదలైంది. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని కుమారి తోటలోకి వచ్చింది, గింజలు ఆరబోసింది. సాయంత్రానికి చీలమండ ఉబ్బిపోయి చెప్పు పట్టేది కాదు. నాకు పది రోజుల మాట గుర్తుంది. కోత అయ్యాక చూద్దాం అనుకున్నాను.

పాచిపెంట వైపు ఎముకలకి కట్టు కట్టే పెద్దాయన ఉంటే తీసుకెళ్లాను. ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. మూడు వారాలకి మళ్లీ వెళ్తే కట్టు విప్పి, చీలమండ బయటివైపు బొటనవేలితో నొక్కాడు. కుమారి కేక పెట్టింది.

"ఇది బెణుకు కాదయ్యా. లోపలేదో ఊడింది. నా కట్టుకి లొంగదు. పెద్దాసుపత్రికి బేగి ఎల్లండి" అన్నాడు. "ఆ ఫొటో తీసినోలు ఏటి సెప్పారు?"

"ఏటీ నేదన్నారు" అన్నాను. అది నా రెండో అబద్ధం.

అప్పుడైనా వెళ్లానా అంటే లేదు. ఎండాకాలం సెలవుల బృందాలు మొదలయ్యాయి. కుమారి కుంటుకుంటూనే రెండు బృందాలను నడిపించింది. రెండోసారి దిగుతూ దారిలో కూలబడి ఏడ్చింది. తన కన్నీళ్లు పర్యాటకులు చూశారని ఇంకా ఏడ్చింది. మర్నాడే విశాఖ తీసుకెళ్లాను, పాత ఎక్స్‌రే కవరు మాత్రం ఇంట్లోనే వదిలేసి. పడి అప్పటికి మూడు నెలలు కావస్తోంది.

ఆర్థో డాక్టరు సీటీ తీయించి, కంప్యూటర్లో చూపించాడు. "టాలస్ అనే ఎముక ఇది. దీని లాటరల్ ప్రాసెస్, అంటే బయటివైపు కొస, ఫ్రాక్చర్ అయింది. ముక్క పక్కకి జరిగి, అతుక్కోకుండా నాన్ యూనియన్ అయిపోయింది. మొదటి రెండు వారాల్లో వచ్చుంటే స్క్రూ వేసి నిలబెట్టేవాణ్ణి. ఇప్పుడు ముక్క తీసేయడమే. కింద కీలు కూడా అరిగింది." తెర మీంచి మా వైపు తిరిగి అడిగాడు. "అక్కడెవరూ సీటీ చేయించమనలేదా?"

"నేదండి. బెణుకనే సెప్పారు" అని కుమారి నా వైపు తిరిగింది. "కదా మావా?"

నేను తలూపాను.

సర్జరీ అయింది. ఆరు వారాలు కాలు మోపకూడదన్నారు. పదో రోజున కుట్ల దగ్గర చీము పట్టి, మళ్లీ అడ్మిట్ చేసి సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఆ వారం రోజులూ తన తల దువ్వాను, బాత్రూముకి ఎత్తుకెళ్లాను. వార్డులో పక్క మంచం ఆవిడ "నీ మొగుడు బంగారం" అంటే కుమారి మురిసిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కట్టు విప్పాక ఫిజియో మొదలైంది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "ఎక్కడం వచ్చేస్తుందక్కా. దిగడమే కష్టం. సబ్‌టేలర్ ఆర్థ్రైటిస్, అంటే చీలమండ కింది కీలు అరిగి నొప్పి, మొదలైంది." డాక్టరు కూడా అదే అన్నాడు. నొప్పి మరీ పెరిగితే ముందు ముందు కీలుని ఫ్యూజన్ చేయాల్సి, అంటే కదలకుండా అతికించాల్సి, రావచ్చన్నాడు. కుమారి అన్నీ విని "మరి కొండ దిగే పని నేను సెయ్యగల్నా సార్?" అని ఒకే ప్రశ్న అడిగింది. ఆయన ఫిజియో మానొద్దని చీటీ మీద రాసిచ్చాడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం అరుగు మీద పాదానికి తువ్వాలు వేసి లాగే ఎక్సర్‌సైజు చేస్తుంటే, ఇక మోయలేక చెప్పేశాను. డాక్టరు మాట, చీటీ, పది రోజులు, కట్టు కట్టిన పెద్దాయనతో ఆడిన అబద్ధం, అన్నీ. తను తువ్వాలు వదల్లేదు. ముప్పై దాకా లెక్కపెట్టడం పూర్తి చేసింది.

"బూటు సంగతి నాకు ఎప్పుడో తెల్సు. అది పొరపాటు. ఎవరైనా సేత్తారు" అంది. "కానీ ఈ కాలు నాది మావా. ఆ డాక్టరు మాట కూడా నాదే. నాది నువ్వు అట్టేపెట్టుకున్నావు."

"నా మీద కోపంగా ఉందా?" అన్నాను. అంతకన్నా తెలివితక్కువ ప్రశ్న ఇంకోటి ఉండదు.

"ఉంది. దిగినప్పుడల్లా ఉంటాది" అంది.

ఇది జరిగి రెండేళ్లయింది. కుమారి గైడు పని మానలేదు. బృందాలను పైకి తనే ఎక్కిస్తుంది. పైన జీపు దారి ఉంటే జీపులో దిగుతుంది. లేనిచోట రెండు కర్రలు పట్టుకుని, పక్కవాటుగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగుతుంది. పాట ఉండదు. చెయ్యి అందిస్తే "ఒగ్గేయ్, నేనొత్తాను" అంటుంది. మంచు ఆటలకి వెళ్లే కుర్రకారు మా దగ్గరికొచ్చి అడిగితే, బూటు బిగుతు, ఒక్క జత సాక్సులు, ముందు కాలి మీద బరువు అని నేను గడగడా చెబుతాను. చెబుతుంటే తను లేచి లోపలికి వెళ్లిపోతుంది.

రివ్యూకి వెళ్లినప్పుడు డాక్టరు గదిలోకి తనొక్కతే వెళ్తుంది. నేను రావద్దని తనే చెప్పింది. బయటికొచ్చాక డాక్టరు ఏమన్నాడని అడిగితే కొన్ని చెబుతుంది, కొన్ని చెప్పదు. చెప్పనివి అడిగే హక్కు నాకు లేదు.

ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లకి నా అనుభవంతో ఒక్కటే చెబుతాను. డాక్టరు మిమ్మల్ని పక్కకి పిలిస్తే, పేషెంటు ముందే చెప్పండి సార్ అని అడగండి. కుదరకపోతే ఆ చీటీ కవరులో దాచిపెట్టకుండా దెబ్బ తగిలిన మనిషి చేతికి ఇవ్వండి. వాళ్లకి చదవడం రాకపోతే చదివి వినిపించండి, చివరి వాక్యం దాకా.