జేబులో ఉండాల్సిన తాళం

పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో చెంపదెబ్బలు తిన్నాడు ఆ ఆటో ఎలక్ట్రీషియన్. చెవి మీద ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది గనక అందరికీ అతను టెస్టరే. కొట్టేది ఒక కాంట్రాక్టర్. ఆయనకు యాభై ఏళ్ల నాటి ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారుంది. అది మొరాయించినప్పుడల్లా కబురు పెడతాడు. టెస్టర్ రాగానే బానెట్ మీద ఒకటి, అతని చెంప మీద ఒకటి వేసి, "ఇద్దరికీ కనెక్షన్ కుదరాలి కదరా!" అని పకపకా నవ్వుతాడు. టెస్టర్ కూడా నవ్వేవాడు. చెంప భగ్గుమంటుంటే నవ్వు ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఒకసారి దెబ్బ గూబ మీద పడి ఎడమ చెవిలో హోరు మొదలైంది, ఇక ఆగలేదు. "ఇంజిన్ల రొద పట్టేసింది" అని భార్యకు సర్దిచెప్పాడు.

ఆమె నమ్మలేదు. ఆమెది వైండింగ్ పని. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుడుతుంది. షాపులో ముందు సగం అతనిది, వెనక సగం ఆమెది. ఈసారి కాంట్రాక్టర్ కారులో కాలిపోయింది ఆల్టర్నేటర్. ఇంజిన్ తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది బ్యాటరీని నింపుతుంది. అంత పాత బండికి కొత్తది దొరకదు. మూడు రోజులు కూర్చుని ఆమే దాన్ని మళ్లీ చుట్టింది. ఆదివారం పొద్దున బిగించడానికి తనూ బయల్దేరింది.

"నువ్వెందుకే?" అన్నాడు టెస్టర్.

"నేను చుట్టినదానికి వైర్లు నేనే కలుపుతా. నీ చెవి సంగతి కూడా కాస్త చూడాలి."

పనిలో టెస్టర్‌కు ఒక పద్ధతి ఉంది. ముందు బ్యాటరీ వైరు ఊడదీస్తాడు. తర్వాత బండి తాళం అడిగి తీసుకుని చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకుంటాడు. పని నేర్పిన గురువు కుడిచేతికి మూడే వేళ్లు. ఆ చెయ్యి చూపించే చెప్పాడు: "చేతులు లోపలున్నంతసేపూ తాళం నీ జేబులో ఉండాలి. ఎవడడిగినా ఇవ్వకు." ఎవడడిగినా ఆ తాళం టెస్టర్ జేబు దాటలేదు, ఆ ఆదివారం దాకా.

కాంట్రాక్టర్ షెడ్డులో అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పదకొండింటికి పాత కార్లన్నీ వరసకట్టి వెళ్లే ఊరేగింపు ఉంది. "పదిన్నరకి బండి రోడ్డెక్కకపోతే నిన్ను దానికి కట్టి ఈడుస్తా!"

బానెట్ కింద మొగుడూ పెళ్లాలు తలలు దూర్చారు. తుప్పుపట్టిన కింది బోల్టు కదలనంది.

"ఏంటి మామా, రానంటోందా?"

"నీకంటే మొండిది."

"అయితే బతిమాలు. నా దగ్గర అలాగేగా నెగ్గావు."

బోల్టు వచ్చింది. పాతది దిగింది, ఆమె చుట్టినది ఎక్కింది. బెల్టు వేశారు, వైర్లు కలిపారు, బ్యాటరీ తగిలించారు. టెస్టర్ తనే సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. మీటరు ముల్లు పద్నాలుగు వోల్టుల మీద నిలబడింది, బ్యాటరీ నిండుతోంది. ఆమె మొహం వెలిగింది. కానీ బెల్టు కీచుమంటోంది, ఇంకాస్త లాగి బిగించాలి. అతను ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని దిగాడు. రెండు నిమిషాల పనికి బ్యాటరీ మళ్లీ ఊడదీయడం దేనికి, తాళం జేబులోనే ఉందిగా అనుకున్నాడు.

"నడిచిందిగా. తాళం ఇయ్!" అన్నాడు కాంట్రాక్టర్.

"బెల్టు వదులుగా ఉంది సార్. రెండు నిమిషాలు."

"నా బండి తాళం నీ జేబులో ఏంట్రా?"

మొదటి దెబ్బ చెంప మీద, రెండోది హోరు పెట్టే చెవి మీద పడ్డాయి. మూడోసారి చెయ్యి జేబు పట్టుకుని లాగింది. గుండీ ఎగిరిపోయింది, గుడ్డ పర్రున చిరిగింది. కాంట్రాక్టర్ తాళం పట్టుకుని సీట్లో కూలబడ్డాడు.

బెల్టు లాగి బిగించడానికి తెచ్చుకున్న ఇనుప గడ్డపార ముక్కను టెస్టర్ నేల మీంచి తీసుకున్నాడు. దెబ్బ తిన్నాక తలొంచుకుని పని ముగించడం పదకొండేళ్ల అలవాటు. ఆ అలవాటే అతని చేతుల్ని మళ్లీ బానెట్ కింద, ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్యాను పక్కకు తోసింది.

"తిప్పకండి సార్! చెయ్యి లోపలుంది!"

"నాకు చెప్తావురా?" అని కాంట్రాక్టర్ తిప్పాడు.

ఫ్యాను ఇనుప రెక్క ఒక్క చుట్టులో రెండు వేళ్లు తీసేసింది. గడ్డపార ఎగిరి గోడకు కొట్టుకుంది. రక్తం రేడియేటర్ మీద, ఆమె మొహం మీద చిమ్మింది. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ పీకినా ఆగదని ఆమెకు తెలుసు. ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించే కాయిల్ లావు వైరు వట్టి చేత్తో పెరికేసింది. షాక్ భుజం దాకా కొట్టింది. ఇంజిన్ చచ్చింది.

కాంట్రాక్టర్ దిగి ముందు బానెట్ చూశాడు. "నా పెయింటు!" అంటూ నేల మీద ముడుచుకుపోయిన మనిషి డొక్కలో తన్నాడు. మళ్లీ కాలెత్తాడు.

"ఆ కాలు దించు. లేకపోతే ఉండదు," అందామె, గడ్డపార చేతబట్టి.

అతను దించలేదు. ఆమె మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. అతను తన కారు చక్రం పక్కనే పడి గోలపెడుతుంటే, ఆమె తాళం పీకి మొగుడి ఎడమ చేతిలో పెట్టి గుప్పిట మూసింది. కొంగు చింపి కుడిచేతికి కట్టింది. ఒక వేలు బెల్టు కింద దొరికింది. రెండోది దొరకలేదు. దొరికినదాన్ని అతికించలేమన్నారు డాక్టర్లు.

పోలీస్ స్టేషన్‌లో రైటర్ కాగితం మీద "పనిచేస్తుండగా ప్రమాదవశాత్తూ" అని రాశాడు. ఆమె మీద మాత్రం దాడి కేసు.

"ప్రమాదమా? చెప్పినా వినకుండా తిప్పితే అది ప్రమాదమా?" అని ఆమె సంతకం పెట్టనంది.

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న టెస్టర్ నోరు విప్పాడు. "మొదటి చెంపదెబ్బ నుంచి రాయండి సార్. పదకొండేళ్లది. నేను నవ్వానని కూడా రాయండి."

"సాక్షి ఎవరు?"

షెడ్డు తలుపు బార్లా తెరిచే ఉండింది. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న మనిషి ఆ రోజు మొదటి దెబ్బ నుంచీ చూసింది. వేళ్లు తెగాక లోపలికెళ్లి కిటికీ మూసేసుకుంది. ఆ కాగితం ఇంకా సంతకం లేకుండా అలాగే ఉంది. కట్టు కట్టిన చేత్తో అతనూ, పక్కన ఆమె, వారం వారం స్టేషన్ బెంచీ మీద కూర్చుంటున్నారు.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంటికి పనికొచ్చిన మనిషి తాళమో స్విచ్చో తన దగ్గర పెట్టుకుంటానంటే మారుమాట లేకుండా ఇచ్చేయండి. ఎదురింట్లో పనివాడి మీద చెయ్యి లేస్తే మొదటి దెబ్బకే కేకెయ్యండి, పదకొండేళ్లు ఆగకండి. ఆ రోజు కిటికీ మూసుకున్నది మీరే అయితే తలుపు తీసి స్టేషన్‌కి నడవండి. బెంచీ మీద మీకూ చోటుంది. చూసింది చూసినట్టు చెప్పి, కింద సంతకం పెట్టండి.