గోడ కొనబోయిన చీటీలక్క

చీటీలక్కకు ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు, జనం పెట్టింది. ఏ ఆఫీసులో అడుగుపెట్టినా మొట్టమొదట ఒక గోడ ఖాళీ చేయించి, దాని నిండా పసుపుపచ్చ చీటీలు అతికిస్తుంది. ఎవరు ఏ పనిలో ఉన్నారు, ఏది అయింది, ఏది ఎక్కడ ఇరుక్కుంది అన్నది గుమ్మంలో నిలబడి చూస్తేనే తెలిసిపోవాలంటుంది. ఇంట్లో ఫ్రిజ్ మీదా అదే వరస. "కుళాయి కారుతోంది" అన్న చీటీని మొగుడుగారు ఎవరూ చూడకుండా "చెయ్యాల్సినవి" గడిలోంచి "అయిపోయినవి" గడిలోకి జరిపి దొరికిపోయిన కథ చుట్టాలందరికీ కంఠతా వచ్చు. కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది.

ఆవిడ ఏం చేస్తుందని చుట్టాలను అడిగితే తలా ఒక జవాబు చెబుతారు. కంప్యూటర్లన్న వాళ్ళున్నారు, స్టేషనరీ అమ్ముతుందన్న బాబాయి కూడా ఉన్నాడు. నిజానికి ఆవిడ ఆఫీసులకు పనిచేసే పద్ధతి నేర్పుతుంది. దాన్ని అజైల్ అంటారు. పేరు గొప్పదే కానీ లోపలి సంగతి వంటింట్లోదే. వంటంతా దింపాక ఉప్పెక్కువైందని తల పట్టుకునే బదులు, మధ్యమధ్యలో రుచి చూసుకోవడం. ఏడాది పనికి ఒకేసారి ప్లాను గీయకుండా రెండు వారాలకు సరిపడా పని తీసుకోవడం, అది చేసి వాడేవాళ్ళకు చూపించడం, వాళ్ళు తిడితే దిద్దుకుని మళ్ళీ రెండు వారాలకు కూర్చోవడం. అంతే.

ఇందులోకి ఆవిడ ఊరికే రాలేదు. ఒకప్పుడు పెద్ద కంపెనీలో ఉండగా పై అధికారి కొనేవాళ్ళ ముందు గొప్పకు పోయి, ఎవరినీ అడక్కుండా ఒక తేదీ ఒప్పేసుకున్నాడు. ఆ తేదీ కోసం పరిగెత్తి పరిగెత్తి పనీ పాడైంది, జట్టూ చెట్టుకొకరు పుట్టకొకరు అయింది. ఆ కోపంతోనే ఉద్యోగం వదిలేసి సొంత దుకాణం పెట్టింది. అందుకే ఏ క్లాసయినా ఒకే మాటతో మొదలుపెడుతుంది: "చేసేవాళ్ళని అడక్కుండా మాటివ్వకండి."

ఆ దుకాణంలో సగం వాటా ఆడబిడ్డది. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత ఉండనే ఉంది, ఈవిడ అర్ధ కంపెనీ కూడా. భర్తకు స్వయానా చెల్లెలు, మనిషి బక్కపలచన, మాట మాత్రం బరువు. దర్జీ కొట్టు మీది గదిలో ఇద్దరూ మొదలుపెట్టారు. కింద మిషన్ల మోత, పైన పాఠం. వదిన మాట్లాడేది, ఆడబిడ్డ నడిపించేది. వదిన గాల్లో మేడ కడితే, మెట్లు ఎటువైపు పెడుతున్నావని అడిగే మనిషి ఆడబిడ్డ. ఆ ప్రశ్నకు వదిన విసుక్కోని రోజు లేదు, దాన్ని లెక్కచెయ్యక బాగుపడిన రోజూ లేదు.

అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. ముందు కాలేజీలతో పొత్తు కుదిరింది, తర్వాత చిన్న చిన్న సలహా సంస్థలతో. మీరు మనుషుల్ని తెండి, మేం పాఠం చెబుతాం అన్నది ఒప్పందం. అయితే కొత్త చిక్కొకటి వచ్చిపడింది. జట్టులో సగం మంది ఒక ఊళ్ళో, సగం మంది ఇంకో ఊళ్ళో ఉంటే చీటీల గోడ ఎవరికి కనబడుతుంది? దానికి మందు ఎనిమిదిమంది ఉన్న ఒక చిన్న కంపెనీ దగ్గరుంది. గోడను కంప్యూటర్ తెరమీదికి ఎక్కించేశారు వాళ్ళు. దాని పేరు కూడా "గోడ" అనే పెట్టారు. వాళ్ళ పెద్దను అందరూ నిదానం గారంటారు. ఒక ప్రశ్న అడిగితే ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాక గానీ జవాబు రాదు. తయారుచేయడంలో ఘటికులు, అమ్మడంలో సున్నా. చీటీలక్కకు ఆ గోడ చూడగానే ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే ఊరూరా శాఖలున్న ఒక శిక్షణ సంస్థ డైరెక్టరు కబురంపాడు. పాఠంతోపాటు గోడ కూడా ఇస్తే మా శాఖలన్నిటిలో మీ పద్ధతే నేర్పిస్తాం, అజైల్ వాళ్ళంతా చేరే సదస్సు వస్తోంది కదా, అందులో సంతకాలు చేసుకుందాం అన్నాడు. చీటీలక్క ఎగిరి గంతేసింది. నిజంగానే ఎగిరింది, కింద దర్జీ పైకప్పు వంక చూశాడు.

"కొనేద్దాం! ఆ కంపెనీని మొత్తంగా కొనేద్దాం!" అంది.

"ముద్దముద్దగా తినమని ఊరందరికీ చెప్పి, మనం కంచంతో సహా మింగుదామా వదినా?" అంది ఆడబిడ్డ. "రెండు వారాలు వాళ్ళని మన దగ్గర కూర్చోబెట్టు. కలిసి పనిచేద్దాం. తర్వాత అందరం వేళ్ళు చూపిద్దాం."

వేళ్ళు చూపడం వాళ్ళ కంపెనీ ఆచారం. ఏదైనా తేల్చాలంటే అందరూ ఒకేసారి చెయ్యెత్తాలి. ఐదు వేళ్ళూ చాపితే మనస్ఫూర్తిగా సరేనని. రెండో మూడో చూపితే ఏదో గుంజాటన ఉందని. పిడికిలి బిగిస్తే వద్దని. ఎంతమంది సరేనన్నా ఒక్క పిడికిలి కనబడితే పని ఆగాల్సిందే, పిడికిలి పట్టినవాళ్ళు ఎందుకో చెప్పాల్సిందే.

ఆ రెండు వారాలూ మేడమీది గది తిరనాళ్ళయిపోయింది. కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చున్నారు. నిదానం గారు కళ్ళద్దాలు తుడుచుకునేలోపే వదిన మూడు కొత్త ఆలోచనలు చెప్పేది. ఆయన నాలుగోరోజు మొదటిదానికి జవాబిచ్చేవాడు, అది వినగానే మిగతా రెండూ దండగని తేలిపోయేది. ఆ జట్టులో తెరల రంగులు చూసే అమ్మాయి ఒకతె ఉంది, రంగులమ్మాయి అంటారు. చీటీలక్క పద్ధతిలో ఒక పాఠం మొత్తాన్ని గోడ మీదికి ఎక్కించి చూపించిందా అమ్మాయి. చూసి చీటీలక్కకు నోట మాట రాలేదు. ఇది అరుదైన విషయమని ఆడబిడ్డ అక్కడే ప్రకటించింది. వేళ్ళు చూపే ముచ్చట సదస్సు రెండోరోజుకు పెట్టుకున్నారు. అందరూ అక్కడే ఉంటారు కదా అని.

సదస్సంటే సదస్సే. మెళ్ళో పేర్ల బిళ్ళలు వేసుకుని వందలమంది, కాఫీ మిషను ముందు బారు, ఉచితంగా పెన్నులిచ్చే స్టాళ్ళు, ఆ పెన్నులు సంచులనిండా నింపుకునే పెద్దమనుషులు. మొదటిరోజే చీటీలక్క ప్రసంగం. వేదికెక్కిందంటే ఆవిడకు పూనకమే. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు జరిగారు. ముందు వరసలో డైరెక్టరు తల ఊపుతున్నాడు. మూడో వరసలో నిదానం గారి ఎనిమిదిమందీ ఉన్నారు.

"అంతా బాగానే ఉంది మేడమ్. మా జట్టు మూడు ఊళ్ళలో ఉంది. మాకు గోడెక్కడిది?" అని ఎవరో అడిగారు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. చప్పట్ల వేడిలో ఉన్న మనిషికి ఆ సామెత గుర్తుంటుందా?

"మీకోసమే గోడని కొనేశాం!" అంది చీటీలక్క చేతులు రెండూ చాచి. "ఈ రోజునుంచీ గోడ మా ఇంటిదే!"

హాలు మోగిపోయింది. డైరెక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆవిడ ఉబ్బితబ్బిబ్బై మూడో వరస వైపు చూసింది. అక్కడ ఎవరి చేతులూ కదలడం లేదు. నిదానం గారు మెళ్ళో బిళ్ళ తీసి, తాడు చుట్టి జేబులో పెట్టుకుని లేచాడు. ఆయన ఏ పనైనా వెంటనే చేయడం ఆవిడ చూడటం అదే మొదలు. ఆయన వెనకే మిగతా ఏడుగురూ లేచారు.

వేదిక పక్కన ఆడబిడ్డ ఎదురొచ్చింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఒక్క ముక్క అని, అటు తిరిగి వెళ్ళిపోయింది.

చీటీలక్క స్టాళ్ళ వైపు పరుగెత్తింది. గోడ వాళ్ళు తమ స్టాల్లో తెర విప్పేస్తున్నారు. తీగలు చుడుతున్న రంగులమ్మాయి తలెత్తకుండానే అడిగింది. "మమ్మల్ని కొన్న సంగతి మాకు వేదిక మీద తెలిసింది మేడమ్. మరి రెండు వారాలు ఆ కిటికీ గట్టు మీద ఎందుకు కూర్చున్నట్టు?"

చీటీలక్కకు ఒకప్పుడు ఉద్యోగం మీద విరక్తి పుట్టించిన అధికారి ఏ పని చేశాడో, అచ్చంగా అదే తనూ చేసింది. సిగ్గుతో ముఖం కందిపోయింది.

"తప్పు నాది. ఎలా దిద్దుకోమంటారో చెప్పండి" అంది.

నిదానం గారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "రేపు వేళ్ళు చూపడానికి వస్తామని మాటిచ్చాం. వస్తాం" అన్నాడు. దిద్దుకునే సంగతి మాత్రం ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే నిర్వాహకులను బతిమాలి చీటీలక్క మళ్ళీ వేదికెక్కింది. ఈసారి నవ్వించలేదు.

"నిన్న కొన్నానని చెప్పిన గోడ నాది కాదు. దాన్ని కట్టినవాళ్ళని నేనింకా అడగనేలేదు. అడక్కుండా మాటివ్వద్దని మీ అందరికీ నేర్పేది నేనే. కంచే చేను మేసింది. క్షమించండి."

వెనక వరసల్లోంచి చప్పట్లు మొదలై ముందుకొచ్చాయి. డైరెక్టరు మాత్రం కొట్టలేదు. దిగుతుంటే ఎదురొచ్చి, "మధ్యాహ్నం భోజనాల దాకా ఉంటాను. గోడ ఉంటే సంతకం, లేకపోతే నమస్కారం" అన్నాడు.

స్టాళ్ళ వెనక చిన్న గదిలో అందరూ చేరారు. గుండ్రంగా కుర్చీలు వేసుకున్నారు. చీటీలక్క గొంతు సవరించుకుని, "మీ కంపెనీ, మా కంపెనీ ఒకటవుదామా?" అని అడిగింది. చేతులు లేచాయి. రంగులమ్మాయివి ఐదు వేళ్ళు! పక్కనతనివి నాలుగు. ఆ పక్కన ఐదు, మూడు, ఐదు. నిదానం గారి చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచి, నాలుగు దగ్గర ఆగింది. గెలిచాం! ఇంకేం కావాలి, గెలిచాం అనుకుంది చీటీలక్క.

అప్పుడు చూసింది ఆడబిడ్డ చేతి వైపు. పిడికిలి.

"నువ్వా?" అంది వదిన, నమ్మలేక.

"నేనే. పిడికిలి పట్టాను కాబట్టి ఎందుకో చెప్పాలి కదా. చెప్తాను" అంది ఆడబిడ్డ. ఆ బరువు గొంతు ఇప్పుడు వణికింది. "వీళ్ళని అడగలేదని ఊరందరి ముందూ ఒప్పుకున్నావు. బావుంది. మరి నన్నడిగావా వదినా? సగం నాది. కొన్నామని నువ్వన్నప్పుడు నేను వేదిక పక్కనే ఉన్నాను. పొద్దున్న క్షమించమన్నప్పుడూ అక్కడే ఉన్నాను. రెండుసార్లూ నావైపు చూడలేదు నువ్వు."

నిజమే. చీటీలక్క, ఆడబిడ్డ ఉంటుందిలే అనుకుంది తప్ప, ఆడబిడ్డ ఏమంటుందో అనుకోలేదు. ఒక్కసారి కూడా.

"నువ్వు కాసేపు బయటికెళ్ళు" అంది ఆడబిడ్డ. "నువ్వు ఎదురుగా ఉంటే నీ ముఖం చూసి వేళ్ళు చాపుతారు జనం. మేం మాట్లాడుకుంటాం."

బయట వసారాలో మడత కుర్చీలు దొంతరగా పేర్చి ఉన్నాయి. చీటీలక్క వాటిని ఆనుకుని నిలబడింది. పక్క హాల్లో ఇంకెవరికో చప్పట్లు పడుతున్నాయి. భోజనాల దగ్గర గిన్నెలు సర్దుతున్న చప్పుడు. డైరెక్టరు అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకోవడం దూరంనుంచి కనబడుతోంది. తలుపుకు చెవి ఆనించబోయి మానుకుంది. డైరెక్టరు పోతే పోయాడు, ఇంకో డైరెక్టరు వస్తాడు. ఆడబిడ్డ పోతే? గాల్లో మేడలకి మెట్లెక్కడ అని తనని అడిగేదెవరు? భయమంటే ఏమిటో ఆవిడకు అప్పుడు తెలిసింది. లోపల కుర్చీ జరిగింది. ఎవరో గట్టిగా ఏదో అన్నారు. తర్వాత అందరూ ఒక్కసారి నవ్వారు.

తలుపు తెరుచుకుంది. ఆడబిడ్డ నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వడిగిన ప్రశ్న మాకు నచ్చలేదు వదినా. అందుకని వాళ్ళెనిమిదిమంది, నేను, తొమ్మిదిమందిమీ వేరే ప్రశ్న పెట్టుకున్నాం" అంది. "ఏమిటంటే, మనం తొమ్మిదిమందిమీ ఒకటే కంపెనీ. ఈవిడని చేర్చుకుందామా, వద్దా?"

"ఏమన్నారు?" అంది చీటీలక్క.

ఆడబిడ్డ పిడికిలి ముందుకు చాచి, ఒక్కో వేలూ విప్పింది. ఐదూ విప్పింది. "అందరివీ ఐదే. నిదానం గారివి మాత్రం నాలుగు. ఐదోది రెండు వారాలు చూశాక చూపిస్తారట. రా లోపలికి."

కళ్ళనీళ్ళు జలజలా రాలుతుంటే నవ్వుతూనే లోపలికొచ్చింది. గుండ్రంగా ఉన్న కుర్చీల్లో గోడవారన ఒకటి ఖాళీగా ఉంది. వెళ్ళి అందులో కూర్చుంది. అవతల డైరెక్టరు తలుపు తడుతున్నాడు. అలవాటుకొద్దీ లేవబోయింది, అంతలోనే ఆగి తొమ్మిది ముఖాల వంకా చూసింది. అందరికంటే ముందు ఆడబిడ్డ వంక చూసింది.

"ఆయనకి ఏమని మాటివ్వమంటారు?" అని అడిగింది.