చెట్టెక్కే రోజు నీళ్లు ముట్టని ఉడుత

చెట్టెక్కాల్సిన రోజు ఉడుత నీళ్లు ముట్టడు. ముందురోజు సాయంత్రమే గ్లాసు బోర్లించేస్తాడు.

"ఆ పెదాలు చూడు, ఎండిన చెప్పుల్లా ఉన్నాయి. ఒక్క గుక్క తాగితే నీ సొమ్మేం పోతుందయ్యా?" అంటుంది భార్య.

"పరువు పోతుందే."

ఉడుత అని పేరు పెట్టింది అడవి పరిశోధన ఆఫీసువాళ్లు. ఇరవై రెండేళ్లుగా తాడు పట్టుకుని పెద్దపెద్ద చెట్లెక్కుతున్నాడు. చిటారుకొమ్మ పైన ఒక గరాటు సీసా, చెట్టు కింద ఇంకొకటి పెట్టి, పడిన వాననీళ్లు తెచ్చిస్తాడు. రెండు సీసాలకీ తేడా చూస్తే ఆకు వానలోంచి ఏం తీసుకుందో, ఏం వదిలిందో తెలిసిపోతుంది. వానలోని నత్రజని ఆకుకి తిండి. మూత్రంలోనూ నత్రజనే ఉంటుంది కాబట్టి చెట్టు మీద ఆ పని చేయకూడదు.

ఉడుతకేమో షుగరు. నిరుడు ఒకసారి ఆపుకోలేకపోయాడు. సీసాలకి దూరంగానే కానిచ్చాడు, అయినా దిగీ దిగగానే ఆఫీసు మేడంకి తనే చెప్పేశాడు. ఆ సీసాల్లోని నీళ్లు పారబోశారు. "మామా, ఈ ఏడు వానలు నువ్వే కురిపిస్తున్నావంట!" అని ఆఫీసు జీపు డ్రైవరు వారం రోజులు ఏడిపించాడు. ఉడుత కూడా నవ్వాడు గానీ, నీళ్లు మానేసింది అప్పటినుంచే.

ఈ ఏడు కొండవతల కోళ్ల షెడ్లు లేచాయి. గాలి ఇటు తిరిగితే కోళ్ల పెంట ఘాటుకి కళ్లు మండేవి; ఆ ఘాటులోనూ నత్రజనే. తొలివానకి చూస్తే, ఎన్నడూ లేనిది, పైదాని కంటే కింది సీసాలోనే నత్రజని ఎక్కువ తేలింది.

"మళ్లీనా బాబాయ్?" అంది మేడం, కళ్లజోడు తీసి.

"లేదమ్మా! నాలుక పిడచకట్టుకుపోయి ఎక్కాను. ఒంట్లో ఉంటే కదా పోయడానికి?" సంచిలోని ఆకులు బల్ల మీద పరిచాడు. ఈనెలు పచ్చగా ఉన్నాయి, మధ్యంతా పసుపు. "దీనికి కడుపు నిండిపోయింది. ఇంక మింగలేక, ఒంట్లోని సున్నం, ఉప్పులు కూడా వానకి వదిలేస్తోంది. ఆ అంకెలూ పెరిగాయి కదమ్మా?"

"పెరిగాయి. మూత్రంలోనూ ఉప్పులుంటాయి కదా."

"పోనీ పక్క చెట్లు చూడండి."

"అవీ నువ్వెక్కినవే."

ఆ అంకెలు పై ఆఫీసుకి వెళ్తే షెడ్ల సంగతి అడిగేవాళ్లుంటారు. కొట్టేస్తే చెట్ల గోడు వినే దిక్కే లేదు.

"నేను నమ్ముతాను బాబాయ్. పైవాళ్లు నమ్మరు. నిరుటిది కాగితం మీద ఉంది, నేనే రాశాను." ఆమె అతని మొహం చూడకుండా అంకెల మీద గీత కొట్టి, పక్కన 'ఎక్కినవాడి తప్పు' అని రాసింది. "షుగరుతో ఇంకెందుకులే ఎక్కడం. సీసాలు కడుగుతూ కింద ఉండు."

ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు.

"రేపు ఎక్కేది లేదా?" అంది భార్య.

"ఎప్పటికీ లేదు."

ఆమె గ్లాసు నింపి ఇచ్చింది. గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.

"నిరుడు నోరు మూసుకునుంటే ఈ ఏడు నమ్మేవాళ్లే," అన్నాడు.

ఆమె గ్లాసు మళ్లీ నింపింది.