పౌడరు కడుక్కున్న ముఖం

ఆధార్ కార్డు ఇంటికొచ్చిన రోజు మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురే ఈయమ్మ?" అంది. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. "నా మొగం ఫోటోకి పనికిరాదులే" అని కార్డును బియ్యం డబ్బా వెనక పెట్టేసింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పటికే నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్‌లో చేరి, మత్తిగిరిలో గది తీసుకుని, పాత ఫిల్మ్ కెమెరా ఒకటి కొనుక్కున్నాను. సాయంత్రపు ఎండలో నేను తీస్తే ఎవరి ముఖమైనా బాగుంటుందని అందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని. కన్నతల్లి ముఖం ఒక్కటి తీయలేకపోతే ఆ గొప్పలెందుకు?

ఫోన్లో తీసి చూశాను. ఫోన్ కనబడగానే అమ్మ మెడ బిగుసుకుపోతుంది. తీసిన ప్రతిదీ అక్కడికక్కడే చూసి, "చెప్పినానా?" అంటుంది. ఫిల్మ్‌తో ఆ గొడవ లేదు. తీసింది ఆ రోజు ఎవరికీ కనబడదు. నా మొండితనానికి అదే సరిపోయింది.

ఒక ఆదివారం కెలమంగలం దగ్గర మా ఊరికి వెళ్ళాను. రీలులో ఇంకా రెండే ఫోటోలున్నాయి. బతిమాలగా బతిమాలగా అమ్మ ఒప్పుకుంది. స్నానం చేసి, పట్టుచీర కట్టి, ముఖానికి పౌడరు దట్టంగా పూసుకుని మల్బరీ తోట గట్టు మీద నిలబడింది. ఎండ పచ్చగా వాలుతోంది. అమ్మ మాత్రం మళ్ళీ ఆధార్ కార్డే అయిపోయింది.

"నవ్వమ్మా!"

"నవ్వుతానే ఉండాను."

ఒక ఫోటో దండగైంది. నాకు ఒళ్ళు మండింది. "బిగుసుకోవద్దు అన్నానా?" అని అరిచాను.

"నిలబడమన్నావు, నిలబడినాను. ఇంకేం చెయ్యల్ల?"

అంతలో పట్టుపురుగుల షెడ్డులోంచి నాన్న కేకేశాడు. "ఏమే, పురుగులు పండినట్టుండాయి! వచ్చి చూడు!"

మేత మాని పండిన పట్టుపురుగుల్ని వెంటనే గూళ్ళు కట్టుకునే వెదురు తడికల మీదికి, అంటే చంద్రికల మీదికి, ఎక్కించాలి. ఆలస్యమైతే ఆకుల్లోనే గూడు కట్టేసుకుంటాయి. అవి పండాయో లేదో చెప్పాల్సింది మా అమ్మే. ఆ విషయంలో నాన్న తన కళ్ళను తానే నమ్మడు. అమ్మ పరుగెత్తింది. గడప దాకా పోయి టక్కున ఆగిపోయింది. షెడ్డులోకి వాసనలు పనికిరావు. తలలో పూలు ఉన్నా మా ఇళ్ళలో లోపలికి పోరు.

"నీ ఫోటో కోసరం పౌడరు పూసుకున్నాను చూడు, నా బుద్ధికి!" అని నన్నూ తననూ తిట్టుకుంటూ తొట్టి దగ్గర ముఖమూ చేతులూ రుద్ది రుద్ది కడుక్కుంది. చీర ఎగ్గట్టి లోపలికెళ్ళి ఒక పురుగును తెచ్చింది. రెండు వేళ్ళ మధ్య దాన్ని పట్టుకుని సూర్యుడి వైపు ఎత్తింది. పండని పురుగు కడుపులో ఆకు ఉంటుంది, వెలుగును పోనివ్వదు. పండినదైతే ఒళ్ళంతా తేటగా, పసుపుపచ్చగా వెలుగుతుంది. అమ్మ ఒక కన్ను మూసి చూస్తోంది. గడ్డం మీద ఇంకా నీళ్ళున్నాయి. ఎండంతా ఆ ముఖం మీదే ఉంది.

వెలుగు చూసే పని ఇంట్లో నాకొక్కదానికే తెలుసనుకున్నాను. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ గర్వం కలిగింది. ఫోకస్ సరిచేసి ఆఖరి ఫోటో నొక్కేశాను. ఆ చప్పుడు అమ్మకు వినబడనే లేదు.

"పండినాయి. చంద్రికలు ఎత్తండి" అంది. నేనూ కెమెరా పక్కన పెట్టి ఎత్తాను.

రీలు బెంగళూరుకు పంపి కడిగించాను. మూడు వారాలకు ప్రింటు తీసుకుని ఊరికి వెళ్ళాను. అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని దాన్ని అందుకుంది. ముందు పురుగునే చూసింది. "బాగా పండింది" అంది. తర్వాత ఫోటోను కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. ఎవురే ఈయమ్మ అంటుందేమోనని నేను అమ్మ ముఖమే చూస్తున్నాను.

అమ్మ నా వైపు చూడనే లేదు. షెడ్డు వైపు తిరిగి నాన్నను కేకేసింది.

"ఇట్ల రా. చూద్దువు గానీ. నేనే!"