ఎనక్కి నెట్టని బండి

నా తమ్ముడు కుప్పయ్య కుడిచెయ్యి ఎట్ల వంకరపోయిందని అడిగితే ఈ చిత్తూరులో ఒక్కొక్కరు ఒక్కో కత చెప్తారు. తాగి కాలవలో పడినాడని ఒకరు, ఎవరితోనో కొట్లాడినాడని ఇంకొకరు. నోటికి హద్దుండాలబ్బా. వాడు టీ తప్ప ఏమీ తాగడు. కొట్లాడేంత రోషం వాడికి ఉండుంటే నాకీ బాధే ఉండేది కాదు. ఆ పొద్దు నేను ఆడే ఉండాను, పూలబుట్ట చంకన పెట్టుకోని. నేను చెప్తా, ఇనుకోండి.

నా పేరు దేవకమ్మ. పెండ్లి కార్లకు పూలు కట్టేది నా పని, మా ఇంట్లో ఉండే పాత కారు తోలేది వాడి పని. తెల్లోళ్ళ కాలం నాటి కారది. టాపు మడిచేస్తే పెండ్లికూతురూ పెండ్లికొడుకూ ఊరందరికీ కనపడతారు. మా నాయన ఒక మిల్లు ఆసామికి డ్రైవరుగా ఉన్నాడు, ఆ ఆసామి పోతా పోతా దాన్ని నాయనకిచ్చినాడు. నాయన పోయినాక తమ్ముడికొచ్చింది. ఊరేగింపంటే ఆ కారే కావాలని జనం వచ్చేవాళ్ళు.

దానికుండే రోగం ఒకటే, స్టార్టరు. బటన్ నొక్కితే మోటరు గిర్రున తిరగతాది. దాని కడ్డీ మీద చిన్న పళ్ళచక్రం ఒకటి ముందుకు జారి, ఇంజనుకుండే పెద్ద చక్రాన్ని కరుచుకోని తిప్పతాది. ఇంజను అందుకోంగానే చిన్నది ఎనక్కి వచ్చేయాల. అయితే ఇంజను ఎప్పుడు ఆపినా ఆ పెద్ద చక్రం ఎప్పుడూ ఉండే రెండు చోట్లనే ఆగతాది, అందుకని ఆడుండే పళ్ళే అరిగిపోతాయి. అరిగిన పళ్ళల్లో చిన్నచక్రం ఇరుక్కుందంటే ఇంగ ముందుకూ పోదు, ఎనక్కీ రాదు. ఇదంతా నీకెట్ల తెలుసంటారా? అన్నం తినేటప్పుడు కూడా వాడికి వేరే మాటుంటే కదా.

ఇరుక్కుంటే చేసే పని శానా సులువు. కారును గేరులో పెట్టి ఒక్క బెత్తెడు ఎనక్కి నెడితే చక్రం టక్కుమని ఊడొస్తాది. మెకానిక్కు సుభాన్ బాషా అయితే మొత్తుకునేవాడు. "కుప్పన్నా, ఇంజను దించి ఆ పెద్ద చక్రం మీదుండే పళ్ళ రింగు తిరగేసి వేస్తే అరగని పక్క వస్తాది. కొన్నాళ్ళు బండి నాకిడిచిపెట్టు." వీడేమో ముహూర్తాలైపోనీ బాషా అనేవాడు. ముహూర్తాలు ఎప్పుడైపోతాయి మన ఊళ్ళో?

రామచంద్ర అని బియ్యం వ్యాపారి, ఆయన పెద్ద కూతురి పెండ్లి. పొద్దుగూకే వేళ గుడి కాడ నుంచి కల్యాణమండపానికి ఊరేగింపు. మేళమోళ్ళు దోవలో నిలబడి వాయిస్తానే ఉండారు, ఇంజను వేడెక్కి ఆగిపోయింది. తమ్ముడు బటన్ నొక్కినాడు. చిన్నచక్రం కరుచుకుంది, ఇరుక్కుంది.

వాడు దిగొచ్చి, "సామీ, ఒక్క బెత్తెడు ఎనక్కి నెట్టాల, అంతే" అన్నాడు.

రామచంద్ర మొగం నల్లబడింది. "ఏమప్పా, పెండ్లి బండిని యాడన్నా ఎనక్కి నెడతారా? నా బిడ్డ బతుకు ఎనక్కి పోవాల్నా?"

జంటను దింపి నెడదామంటే, మండపం చేరకుండా దోవలో దింపేది ఇంకా అరిష్టమని ఆడోళ్ళు అడ్డం పడినారు. పెండ్లికూతురి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. అది చూసినాడు నా తమ్ముడు. పోయి డిక్కీలోంచి ఇనప హ్యాండిలు తీసినాడు.

ఆ హ్యాండిలును బంపరు కింద బొక్కలో పెట్టి ఇంజనును చేత్తో తిప్పాల. ఇంజను ఒక్కోసారి హ్యాండిలును ఎనక్కి ఎదురు తన్నతాది. అందుకని బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టాల, చుట్టి పట్టుకోకూడదు. పైకి లాగాల, కిందికి తొయ్యకూడదు. మా నాయన వాడికి మొట్టమొదట నేర్పింది ఇదే. అయితే ఇరుక్కున్న ఇంజను పైకి లాగితే కదల్లేదు. ఎనకాల జనం తొందరపెడతా, బిన్నా కానీప్పా, బిన్నా కానీ అని ఒకటే గోల. వాడు బొటనవేలు చుట్టి పట్టుకోని, ఒంటి బరువంతా వేసి కిందికి తోసినాడు. చక్రం ఊడింది. ఊడతానే ఇంజను ఒక్క తన్ను తన్నింది. ఎండుకట్టె ఇరిగినట్టు చప్పుడు. డోలు మోతలో ఇంకెవరికీ ఇనపడలేదు, నాకు ఇనపడింది.

నేను పరిగెత్తితే వాడు చెయ్యి తువాలులో చుట్టుకుంటా, "గమ్మునుండక్కా. పెండ్లి బండి కాడ ఏడవకూడదు" అన్నాడు. ఎడమచేత్తో బటన్ నొక్కితే ఇంజను లేచింది. ఫస్టు గేరులో, ఒంటిచేత్తో, మండపం దాకా తోలినాడు. రామచంద్ర వాడి భుజం తట్టి, "మా మర్యాద కాపాడినావప్పా" అన్నాడు. తువాలులో ఏముందో ఆయన చూడలేదు, వీడు చెప్పలేదు.

తెల్లారి పుత్తూరుకు తీసుకోని పోయినాను. కట్టు కట్టే ఆయన ఎముక సరిచేసి, ఆకుమందు పెట్టి కట్టినాడు. "నేను కట్టు ఇప్పేదాకా ఈ చేత్తో చెంబు కూడా ఎత్తొద్దు" అని మరీమరీ చెప్పినాడు. వాడు ఇంటే కదా! ఒప్పుకున్న పెండ్లిళ్ళు ఉండాయంట, కొత్తోడి చేతికిస్తే చక్రానికుండే పళ్ళు కూడా పోతాయంట. కట్టుతోనే స్టీరింగు పట్టినాడు, కట్టు లోపల ఎముక జరిగింది. కట్టు ఇప్పిన పొద్దు ఆ పుత్తూరాయన చెయ్యిని చూసి తల ఆడించినాడు, తిట్టను కూడా తిట్టలేదు. మణికట్టు పక్కకు తిరిగి అట్లే అతుక్కుంది. వేళ్ళు ముడుచుకోవు.

"ఒరేయ్, పెండ్లి వాళ్ళది, మర్యాద వాళ్ళది, చెయ్యి ఎవర్దిరా?" అని అరిచినాను.

కారు మూలబడినాక సుభాన్ బాషాకు కావాల్సిన తీరిక దొరికింది. ఇంజను దించి రింగు తిరగేసినాడు. ఇప్పుడు బటన్ తాకితే చాలు. ఆటో తోలే ఏబెల్‌ను డ్రైవరుగా పెట్టుకున్నాం. తమ్ముడు ఊరేగింపులో బానెట్ పక్కన నడిచేవాడు, ఇంజను చప్పుడు ఇనుకుంటా. "ఇట్ల నడిస్తే చాలక్కా" అనేవాడు. నిజంగా వాడికి అదే చాలు.

ఈ ముహూర్తాల్లో రామచంద్ర మళ్ళీ మా ఇంటికొచ్చినాడు, రెండో కూతురి పెండ్లని. టీ తాగినాడు. "ఒక మాట, తప్పుగా అనుకోవద్దు కుప్పయ్యా. ఆ పొద్దు నువ్వు బండి ముందర నడవొద్దు. చెయ్యి అట్లుండే మనిషి ఎదురైతే మా ఆడోళ్ళు శకునం చూస్తారు."

"సరే సామీ" అన్నాడు నా తమ్ముడు.

"ఆ చెయ్యి మీ పెద్దమ్మాయి బండి కాడనే ఇరిగింది సామీ. బండిని ఎనక్కి నెట్టనీయలేదు కదా మీరు" అన్నాను.

ఆయన చేతిలో లోటా కింద పెట్టేసినాడు. అయ్యో అంటాడనుకున్నాను. తమ్ముడి వైపు చూడను కూడా చూడలేదాయన. వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించి, "పెద్దమ్మాయి బండి కాడ ఎముక ఇరిగిందా? అందుకేనా దానికి ఇంకా బిడ్డలు లేరు" అన్నాడు. లేచి నిలబడి, "ఈ మాట మా ఇంట్లో ఎవరి చెవినా పడనీయొద్దమ్మా" అని చెప్పులేసుకున్నాడు.

పెండ్లి పొద్దు నేను కారుకు పూలు కట్టేసి తమ్ముడి కాడికి పోయినాను. మండపం ఎనకాల వంట పందిలి కాడ నిలబడి ఉండాడు వాడు. వీధి చివర్న ఏబెల్ బటన్ తాకినాడు, ఒక్క తాకుకే ఇంజను లేచింది. "లేచిందా అక్కా?" అన్నాడు. లేచిందిరా అన్నాను. కారు మలుపు తిరిగి కనపడతానే వాడు వంకర చెయ్యి తువాలు కింద దాచుకోని, ఒక్కో అడుగే ఎనక్కి వేసుకుంటా పందిలి చాటుకు పోయినాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, పెండ్లి బండి కాడ ఏడవకూడదంట.